తిరుగు బండి

అంకమ్మది అద్దంకి దగ్గర ఒక పల్లె. భర్త కోటయ్య సెంట్రింగు పని చేస్తాడు. ఊళ్ళో పని లేనప్పుడు ఇద్దరూ హైదరాబాదు పోతారు. ఆయన కర్రలు కడతాడు. ఆమె ఇటుకలు మోస్తుంది. మరిది శీను కూడా వాళ్ళతోనే ఉంటాడు.

ఒకరోజు పరంజా కర్ర విరిగింది. కోటయ్య రెండో అంతస్తు నుంచి కింద పడ్డాడు. శీను వెంటనే 108కి ఫోను చేశాడు. బండి వచ్చింది. ఒక్క పైసా తీసుకోకుండా పెద్దాసుపత్రిలో చేర్చింది.

ప్రాణానికి ముప్పు తప్పింది. కానీ తుంటి దగ్గర ఎముక రెండు చోట్ల చిట్లింది. డాక్టరుగారు ఫొటో చూసి ఇలా చెప్పారు:

"ఆపరేషను అక్కర్లేదు. ఎముక అదే అతుక్కుంటుంది. కానీ ఆరు వారాలు పడుకునే ఉండాలి. కూచోకూడదు. నిలబడకూడదు."

మూత్రం పోవడానికి గొట్టం వేశారు. గొట్టం చివర ఒక సంచి కట్టారు. అంకమ్మ మంచం పక్కనే నేల మీద పడుకుంది. అట్లా పన్నెండు రోజులు గడిచాయి.

పదమూడో రోజు పొద్దున డాక్టరుగారు వచ్చారు. "ఇక ఇంటికి తీసుకుపోవచ్చు. మిగిలిన రోజులు అక్కడే పడుకోవచ్చు" అన్నారు.

ఇల్లు అన్న మాట వినగానే కోటయ్య ముఖం వెలిగింది. అంకమ్మకు మాత్రం గుండె దడ మొదలైంది. ఊరు సుమారు 300 కిలోమీటర్లు. మనిషి కూచోలేడు. ఎట్లా తీసుకుపోవాలి?

"108కే మళ్ళీ ఫోను చేద్దాం వదినా" అన్నాడు శీను. చేశాడు. అవతల వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. కానీ రాము అన్నారు.

ఎందుకు రారు? 108 బండ్లు మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. ప్రమాదం జరిగినప్పుడు, గుండెపోటు వచ్చినప్పుడు, కాన్పు నొప్పులు వచ్చినప్పుడు మనిషిని దగ్గరి ఆసుపత్రికి చేర్చడం వాటి పని. ఆ బండి కోటయ్యను ఊళ్ళో దింపి రావడానికి ఒక పగలంతా పడుతుంది. ఆ పగలు ఇక్కడ ఇంకొకరు కింద పడితే బండి ఉండదు. తెలంగాణలో 102 అమ్మఒడి బండ్లున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండ్లున్నాయి. అవి బాలింతలను, పసిబిడ్డలను ఇల్లు చేర్చడానికి పెట్టినవి. కోటయ్యలాంటి వాళ్ళు తమ బండి తామే చూసుకోవాలి.

"పోనీ కారు మాట్లాడదాం. వెనక సీట్లో పడుకోబెడదాం" అన్నాడు శీను.

వార్డులో సిస్టరమ్మ ఆ మాట విన్నది. "కారు సీటు ఎంత పొడుగుంటుంది? మనిషి ఎంత పొడుగున్నాడు? కాళ్ళు ముడవాల. నడుం వంగుద్ది. అతుక్కునే ఎముక కదులుద్ది. మోకాలి ఆపరేషను అయినవాళ్ళు, కూచోగలిగినవాళ్ళు కారులో పోవచ్చు. ముందు సీటు వెనక్కి వాల్చుకుంటే చాలు. మీ అన్నకు అది పనికిరాదు" అన్నది.

వాళ్ళ ఊరికి రైలు లేదు. ఉన్నా రైలు తలుపులో, ఇరుకు దారిలో స్ట్రెచరు తిప్పడం కష్టం. చివరకు అంబులెన్సు ఒక్కటే మిగిలింది.

ఆసుపత్రి గేటు బయట అంబులెన్సులు వరసగా నిలబడి ఉన్నాయి. శీను, అంకమ్మ అక్కడికి పోయారు. ఒక డ్రైవరు ఎదురొచ్చాడు.

"ఎక్కడికి?"

"అద్దంకి దగ్గర."

"ఇరవై ఒక్క వేలు. టోలు మీదే. ఇప్పుడే చెప్పాల. సాయంత్రం అయితే రేటు పెరుగుద్ది."

శీను జేబులో చెయ్యి పెట్టాడు. మేస్త్రీ ఇచ్చిన 5,000 రూపాయలు అందులో ఉన్నాయి. మిగతాది వడ్డీకి తెద్దామనుకున్నాడు. అంకమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"ఉండు అబ్బాయా. బండి చూద్దాం" అన్నది.

తలుపు తీయించింది. బయట ఎర్రటి అక్షరాలతో అంబులెన్సు అని రాసి ఉంది. లోపల ఒక వ్యాను సీట్లు తీసేసి బల్ల వేశారు. బల్ల మీద స్ట్రెచరు ఉంది. అంకమ్మ దాన్ని అటూ ఇటూ ఊపింది. అది జరిగింది. అడుగున గొళ్ళెం లేదు. మనిషిని కట్టే పట్టీలు లేవు. ఒక మూల గ్యాసు సిలిండరు కట్టు లేకుండా దొర్లుతున్నది.

డ్రైవరు ఒక్కసారి గట్టిగా బ్రేకు వేస్తే ఏమవుతుంది? స్ట్రెచరు ముందుకు పోతుంది. కోటయ్య తల ఇనుప గోడకు కొట్టుకుంటుంది. సిలిండరు వచ్చి కాలి మీద పడుతుంది.

"మళ్ళీ వస్తాం" అని చెప్పి ఆమె వార్డుకు తిరిగి వచ్చింది. శీనుకు కోపం వచ్చింది. "ఆ బండి కూడా పోతే ఏం చేస్తావు?" అన్నాడు.

సిస్టరమ్మ నవ్వింది. "తొందరేముంది? మీ అన్నను ఇక్కడికి తెచ్చినప్పుడు నిమిషం నిమిషానికీ విలువ ఉంది. అప్పుడు బేరం ఆడితే తప్పు. ఇప్పుడు ప్రాణానికి భయం లేదు. ఇవాళ కాకపోతే రేపు పోతారు. ఇంకో రోజు మంచం ఉంచమని డాక్టరుగారికి నేను చెప్తా. ఆ డ్రైవరు మిమ్మల్ని కంగారు పెడుతున్నాడు. కంగారు పడ్డవాడు లెక్క అడగడు" అన్నది.

తర్వాత ఆమె బండ్ల సంగతి చెప్పింది. అంబులెన్సులన్నీ ఒకటి కావు. కొన్నిట్లో వెంటిలేటరు, గుండె కొట్టుకోవడం చూపే మెషిను ఉంటాయి. నర్సు గానీ డాక్టరు గానీ వెంట వస్తారు. వాటికి ఖర్చు చాలా ఎక్కువ. కొన్నిట్లో ఆక్సిజను, అది పెట్టడం తెలిసిన మనిషి ఉంటారు. ఇంకొన్ని కేవలం రోగిని పడుకోబెట్టి తీసుకుపోయేవి. కోటయ్య తానే ఊపిరి పీలుస్తున్నాడు. తానే అన్నం తింటున్నాడు. ఆయనకు మెషిన్లు అక్కర్లేదు. గట్టిగా బిగించిన స్ట్రెచరు, మూడు పట్టీలు, నెమ్మదిగా తోలే డ్రైవరు కావాలి. ఏ బండి కావాలో బేరానికి ముందే డాక్టరుగారిని అడగాలి. లేకపోతే అక్కర్లేని మెషిన్లకు డబ్బు కడతాం. అవసరమైన రోగిని ఉత్త బండిలో ఎక్కిస్తే అది ఇంకా పెద్ద పొరపాటు.

"మరి ఇరవై ఒక్క వేలు న్యాయమేనా సిస్టరమ్మా?" అని అంకమ్మ అడిగింది.

"కాగితం తీసుకో. లెక్క వేద్దాం."

అంకమ్మ రెండేళ్ళ కింద ఊళ్ళో రాత్రి బడికి పోయింది. పేరు రాయడం, చదవడం, కూడికలు, గుణకారాలు అక్కడే నేర్చుకుంది. కోటయ్య మందుల చీటీ వెనక లెక్క వేసింది.

పోవడానికి 300 కిలోమీటర్లు. బండి ఖాళీగా వెనక్కి రావాలి. దానికీ 300 కిలోమీటర్లు. మొత్తం 600. డ్రైవర్లు రెండు వైపులా లెక్క కడతారు. కిలోమీటరుకు 20 రూపాయలు అడిగితే 12,000 అవుతుంది. డ్రైవరు బత్తా ఒక వెయ్యి వేసుకున్నా 13,000. ఇరవై ఒక్క వేలు ఎక్కడ, పదమూడు వేలు ఎక్కడ? కిలోమీటరు రేటు అన్ని చోట్లా ఒకటి కాదు. బండిని బట్టి, డీజిలు ధరను బట్టి మారుతుంది. కానీ కిలోమీటరుకు ఎంత, రెండు వైపులా ఎన్ని కిలోమీటర్లు అని అడిగితే డ్రైవరు చెప్పిన మొత్తం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఇంకొక సంగతి. జాతీయ రహదారుల మీద టోలు గేట్ల దగ్గర అంబులెన్సుకు రుసుము లేదు. 2008 నాటి నిబంధనల్లోనే ఆ మినహాయింపు ఉంది. అంబులెన్సుగా రిజిస్టరు అయిన బండికి "టోలు మీదే" అని ఎవరైనా అంటే, ఎందుకని అడగాలి.

"వెనక్కి ఖాళీగా పోయే 300 కిలోమీటర్లకూ మనమే కట్టాలా?" అంకమ్మ ఆ అంకె వంక చూస్తూనే ఉంది. "మన వైపు నుంచి రోగిని తెచ్చిన బండి ఏదైనా ఉంటే? అదెట్టాగూ ఖాళీగా పోవాల్సిందే గదా!"

"దాన్నే రిటన్ బండి అంటారు. తిరుగు బండి. దొరికితే మీ అదృష్టం" అన్నది సిస్టరమ్మ.

అంకమ్మ మళ్ళీ బయటికి పోయింది. ఈసారి గేటు దగ్గర నిలబడలేదు. ఆసుపత్రి లోపల క్యాజువాలిటీ వెనక బండ్లు ఆపే చోటికి పోయింది. దూరం నుంచి రోగులను తెచ్చిన బండ్లు అక్కడ ఆగుతాయి. ఒక్కొక్క బండి దగ్గర నిలబడి పక్కన రాసింది చదివింది. ఆమె చదువు నెమ్మది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటుంది.

న... ల్గొం... డ. కాదు.

సి... ద్ది... పే... ట. కాదు.

కొన్నిటి మీద ఇంగ్లీషులో రాసి ఉంది. అవి శీను చదివాడు. నంబరు పలకలు కూడా చూశారు. తెలంగాణ బండ్లకు టీఎస్ అని గానీ, 2024 నుంచి టీజీ అని గానీ ఉంటుంది. ఆంధ్ర బండ్లకు ఏపీ అని ఉంటుంది. వరస చివర తెల్ల బండి మీద పెద్ద అక్షరాలున్నాయి.

ఒం... గో... లు.

అంకమ్మ మళ్ళీ ఒకసారి చదివింది. ఒంగోలే. హైదరాబాదు నుంచి ఒంగోలు పోయే ఒక మంచి రోడ్డు అద్దంకి మీదుగానే పోతుంది.

డ్రైవరు ముందు సీట్లో ముడుచుకుని నిద్రపోతున్నాడు. పేరు మస్తాను. రాత్రంతా బండి తోలి తెల్లవారుజామున ఒక గుండె జబ్బు మనిషిని తెచ్చాడు. సాయంత్రం ఖాళీగా వెనక్కి పోతాడు. శీను విషయం చెప్పాడు. మస్తాను ఓనరుకు ఫోను చేశాడు. 10,000 అన్నారు. అంకమ్మ 7,000 అన్నది. 8,000 దగ్గర బేరం కుదిరింది.

అంకమ్మ తలుపు తీయించి స్ట్రెచరు ఊపి చూసింది. కదల్లేదు. మూడు పట్టీలున్నాయి. సిలిండరు గోడకు కట్టి ఉంది. వెనక తోడు మనిషి కూచోవడానికి సీటు ఉంది. ఫ్యాను తిరుగుతున్నది.

"సాయంత్రం ఆరింటికి బయల్దేరదాం అక్కా. రాత్రికి ఇల్లు చేరతారు" అన్నాడు మస్తాను.

అంకమ్మ అతని కళ్ళు చూసింది. ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు రాత్రంతా నిద్ర పోలేదు గదా తమ్ముడూ. ఇవాళ కూడా రాత్రి తోల్తే ఎట్టా? ఇక్కడే పడుకో. తెల్లారి ఐదింటికి పోదాం."

మస్తాను మళ్ళీ ఫోను చేశాడు. ఒక రాత్రి ఆగితే 500 ఎక్కువ ఇవ్వాలన్నాడు ఓనరు. శీను వద్దన్నాడు. అంకమ్మ ఒప్పుకుంది. 500 రూపాయలు ఆమెకు ఒకరోజు కూలి. అయినా నిద్ర లేని డ్రైవరు చేతిలో మొగుడిని పెట్టదలచుకోలేదు. రాత్రి పూట రోడ్డు పక్కన ఆగిన లారీలు కనపడవు. దారిలో రోగికి ఏదైనా అయితే చిన్న ఊళ్ళలో డాక్టరు దొరకడం కష్టం. పగలైతే ఆ బాధ తక్కువ.

అప్పుడు అంకమ్మ ఒక పని చేసింది. శీను నోట్‌బుక్కులోంచి కాగితం చింపింది. బండి బానెట్ మీద పెట్టి తానే రాసింది. తప్పులు శీను దిద్దాడు.

హైదరాబాదు ఆసుపత్రి నుంచి మా ఊళ్ళో మా ఇంటి దాకా.
రోగి ఒకరు. తోడు ఇద్దరు.
మొత్తం 8,500 రూపాయలు.
డీజిలు, డ్రైవరు బత్తా, ఆక్సిజను, దారిలో ఆగినందుకు, స్ట్రెచరు మోసినందుకు అన్నీ ఇందులోనే.
ఇప్పుడు ఇచ్చింది 3,000. ఇల్లు చేరాక 5,500.
బండి నంబరు. డ్రైవరు ఫోను నంబరు.
డ్రైవరు సంతకం. అంకమ్మ సంతకం.

మస్తాను ఆ కాగితం చూసి కొంచెం చిన్నబోయాడు. "నామీద నమ్మకం లేదా అక్కా?" అన్నాడు.

"నమ్మకం ఉంది గనకే మొగుడిని నీ బండిలో ఎక్కిస్తన్నా. నోటిమాట దారిలో మర్చిపోతాం. నాకూ మరుపే" అన్నది అంకమ్మ. మస్తాను నవ్వి సంతకం పెట్టాడు. దాన్ని శీను ఫోనుతో ఫొటో తీసి ఊళ్ళో పెద్దకొడుకుకు పంపాడు.

గేటు దగ్గర డ్రైవర్లకు ఈ సంగతి తెలిసింది. "బయటి బండి ఇక్కడ రోగిని ఎక్కించుకోకూడదు" అని ఇద్దరు వచ్చి గొడవ పడ్డారు. చాలా ఆసుపత్రుల దగ్గర ఈ జులుం ఉంది. రోగి ఏ బండిలో పోవాలో చెప్పే హక్కు వాళ్ళకు లేదు. శీను కొట్లాటకు దిగబోయాడు. సిస్టరమ్మ ఆసుపత్రిలోని పోలీసు అవుట్‌పోస్టుకు కబురు చేసింది. కానిస్టేబులు వచ్చి నిలబడ్డాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం సిస్టరమ్మ అంకమ్మను పక్కన కూచోబెట్టుకుంది. కాగితాలు ఒక్కొక్కటే ఇచ్చింది. డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రే ఫిల్ములు, మందుల చీటీ, వారానికి సరిపడా మందులు. గొట్టం ఏ తేదీన మార్చాలో, మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలో డిశ్చార్జి కాగితం మీద రాయించింది. ఆరోగ్యశ్రీ కింద వైద్యం అయినవాళ్ళు ఇంటికి పోయే ముందు ఆరోగ్యమిత్రను కలవాలని, దారి ఖర్చు వస్తుందేమో అడగాలని కూడా చెప్పింది.

తర్వాత దారిలో ఏం చేయాలో చేతలతో చూపించింది.

"ఈ సంచి ఎప్పుడూ నడుం కన్నా కిందే ఉండాల. స్ట్రెచరు ఎక్కించేటప్పుడు పొట్ట మీద పెడతారు. పెట్టనియ్యొద్దు. సంచిలో ఉన్నది వెనక్కి పోతే జబ్బు చేస్తుంది. బయల్దేరే ముందు ఖాళీ చెయ్యి. గొట్టం కాలి కింద నలగకుండా చూసుకో."

"మోకాళ్ళ మధ్య దిండు పెట్టు. మడమల కింద గుడ్డ చుట్ట పెట్టు, మడమలు బల్లకు తగలకూడదు. రెండు గంటలకొకసారి బండి ఆపించు. వీపు కింద చెయ్యి పెట్టి చూడు. తడిగా ఉంటే గుడ్డ మార్చు. ఒకే చోట ఒత్తిడి పడితే పడక పుండ్లు వస్తాయి. ఒక్క రోజులోనే చర్మం ఎర్రబడుద్ది. మానడానికి నెలలు పట్టుద్ది."

"పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండమను. అప్పుడు పిక్కల్లో రక్తం పారుద్ది. లేకపోతే గడ్డకట్టవచ్చు. ఒక పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, గుండెలో నొప్పి అన్నా ఇల్లు సంగతి మర్చిపోండి. దగ్గరి ఆసుపత్రికి పోవాల. 108కి ఫోను చేస్తే ఏ ఆసుపత్రి దగ్గరో చెప్తారు. అప్పుడది వాళ్ళ పనే."

అంకమ్మ అదే రాత్రి కొడుకుకు ఫోను చేసింది. నవారు మంచం తీసెయ్యమంది. చెక్క బల్ల మంచం వెయ్యమంది. వాళ్ళ సందులోకి బండి రాదు. బోరింగు దగ్గరే ఆగుతుంది. అక్కడి నుంచి ఇంటికి వంద అడుగులు. మట్టి దారిలో స్ట్రెచరు చక్రాలు దొర్లవు. అందుకని మధ్యాహ్నానికి నలుగురు మనుషుల్ని పొలం పోకుండా ఉంచమంది. ఆశ కార్యకర్తకు కబురు చెప్పమంది.

తెల్లారి ఐదింటికి బయల్దేరారు. నొప్పి మాత్ర అరగంట ముందే వేశారు. కోటయ్య రెండు ఇడ్లీలు తిన్నాడు. తల డ్రైవరు వైపు, కాళ్ళు తలుపు వైపు పెట్టి పడుకోబెట్టారు. పట్టీలు బిగించారు. అంకమ్మ వెనక కూచుంది. శీను ముందు కూచున్నాడు. డ్రైవరుతో మాట్లాడుతూ ఉండడం అతని పని.

మస్తాను సైరను వేయలేదు. రోగికి ప్రమాదం లేనప్పుడు సైరను వేసుకుని జనాన్ని పక్కకు తోలడం తప్పని అతనే చెప్పాడు. యాభై, అరవై మించకుండా తోలాడు. గతుకు ముందు ఉంటే "అన్నా, గతుకు" అని అరిచేవాడు. కోటయ్య స్ట్రెచరు కడ్డీలు పట్టుకునేవాడు.

నల్గొండ దాటాక ఒకసారి ఆగారు. మిర్యాలగూడలో టీ తాగారు. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. అక్కడ వంతెన దాటితే ఆంధ్రప్రదేశ్. కోటయ్యకు నీళ్ళు కనపడలేదు. వంతెన మీద చక్రాల చప్పుడు మారింది. "కృష్ణ వచ్చిందా?" అని అడిగాడు.

వంతెన అవతల వాళ్ళను ఎవరూ ఆపలేదు. మామూలు రోజుల్లో ఆపరు. 2021 మే నెలలో, కరోనా ఉధృతంగా ఉన్నప్పుడు, ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపారు. హైకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి మస్తాను ఆసుపత్రి కాగితాలు ఎప్పుడూ ముందు సీటు దగ్గరే పెట్టిస్తాడు.

పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు దాటారు. అప్పుడు కోటయ్య మూలగడం మొదలుపెట్టాడు. "పొత్తికడుపు బిగుసుకుపోతంది" అన్నాడు. చెమటలు పోశాయి.

శీను వెనక్కి తిరిగి చూసి భయపడ్డాడు. "నరసరావుపేట ఆసుపత్రికి పోనీ అన్నా" అన్నాడు.

అంకమ్మ సంచి చూసింది. మిర్యాలగూడలో ఎంత ఉందో అంతే ఉంది. ఒక్క చుక్క పెరగలేదు. గొట్టం వెంట చెయ్యి పెట్టి తడిమింది. తొడ కింద పట్టీకీ బల్లకూ మధ్య గొట్టం నలిగి ఉంది. బండి ఆపించింది. పట్టీ వదులు చేసి గొట్టం పైకి తీసింది. కొంచెంసేపు ఏమీ కాలేదు. ఆ కొంచెంసేపట్లో ఆమెకు నోరెండిపోయింది. తర్వాత గొట్టంలో పచ్చగా ధార కనిపించింది. సంచి నిండసాగింది. రక్తం లేదు.

కోటయ్య పెద్దగా ఊపిరి వదిలాడు. "నువ్వు డాక్టరువైనావే" అన్నాడు. పది నిమిషాలు అక్కడే ఆగి చూశారు. నొప్పి పూర్తిగా పోయాకే బండి కదిలింది. నొప్పి తగ్గకపోయి ఉంటే శీను చెప్పిందే చేసేవాళ్ళు.

పన్నెండున్నరకు ఊరు చేరారు. బోరింగు దగ్గర నలుగురు కాదు, పదిమంది నిలబడి ఉన్నారు. అందరూ ఒకేసారి చెయ్యి వెయ్యబోయారు. మస్తాను ఆపాడు. నలుగురిని నాలుగు మూలలా పెట్టి, తాను లెక్క పెడితేనే ఎత్తమన్నాడు. అంకమ్మ సంచి పట్టుకుని పక్కనే నడిచింది.

అందరికీ మజ్జిగ ఇచ్చారు. మస్తానుకు అన్నం పెట్టారు. తిన్నాక అతను తల గోక్కున్నాడు. "లోపల దాకా మోశాను గదా అక్కా. ఒక వెయ్యి చూడు."

అంకమ్మ కాగితం తీసింది. వేలు పెట్టి చదివింది. "స్ట్రెచరు మోసినందుకు... అన్నీ... ఇందులోనే."

మస్తాను పెద్దగా నవ్వేశాడు. ఆమె 5,500 లెక్క పెట్టి ఇచ్చింది. పిల్లలకని గంపలోంచి ఒక గుమ్మడికాయ కూడా ఇచ్చింది. ముట్టిందని రాయించుకుంది. ఓనరు పేరుతో బిల్లు కావాలంది. అది సాయంత్రానికి శీను ఫోనుకు వచ్చింది.

ఆ బిల్లు ఎందుకు? మేస్త్రీ 5,000 ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. కానీ పని చేస్తుండగా దెబ్బ తగిలితే కార్మికుడికి నష్టపరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. వైద్యానికి అయిన ఖర్చు యజమాని ఇవ్వాలని 2009లో చేర్చారు. తర్వాత చట్టాల పేర్లు మారినా ఆ హక్కు పోలేదు. కార్మిక శాఖ ఆఫీసులో అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడ నోటి లెక్క చెల్లదు. కాగితం అడుగుతారు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరున్నవాళ్ళు అక్కడా సాయం అడగవచ్చు. కోటయ్యకు ఆ కార్డు లేదు. శీను తన కార్డు కోసం దరఖాస్తు పెట్టాడు.

అంకమ్మ బిల్లు, బేరం కాగితం, డిశ్చార్జి కాగితం ఒకే ప్లాస్టిక్ సంచిలో పెట్టింది. మేకుకు తగిలించింది. మర్నాడు ఆశ కార్యకర్త, ఏఎన్ఎం వచ్చారు. మడమలు చూశారు, వీపు చూశారు. ఎక్కడా ఎరుపు లేదు. గొట్టం మార్చే తేదీ గోడ క్యాలెండరులో ఎక్కడుందో చూపించమన్నారు. అంకమ్మ వెతికి, ఆ అంకె చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టింది.

లెక్క చేయండి

ఒక రోగిని 180 కిలోమీటర్ల దూరం తీసుకుపోవాలి. డ్రైవరు రెండు వైపులా కిలోమీటరుకు 18 రూపాయలు అడిగాడు. బత్తా 800 రూపాయలు. మొత్తం ఎంత?

అదే దూరానికి తిరుగు బండి 4,500 రూపాయలకు దొరికింది. ఎంత మిగిలింది?

రాయండి

మీ ఊరి నుంచి జిల్లా ఆసుపత్రికి ఒక రోగిని పడుకోబెట్టి తీసుకుపోవాలి. డ్రైవరుతో ఏ ఏ సంగతులు ముందే మాట్లాడుకుంటారు? అంకమ్మ రాసినట్టు ఒక కాగితం రాయండి. మీ సందులోకి బండి వస్తుందా? రాకపోతే ఎక్కడ ఆగుతుందో కూడా రాయండి.